ఐదేళ్ళ పిల్లకి డిక్టేషన్ ఎందుకండీ?

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించే అమ్మలు ఈమధ్య మా చిలకలగూడలోనూ కనిపిస్తున్నారు. సంతోషమే. కానీ బడి వద్దనుకున్నవాళ్ళే బడి బెత్తాన్ని ఇంటికి తెచ్చుకుంటున్నారు. ఐదేళ్ళ పిల్లకి రోజూ డిక్టేషన్, తప్పు రాస్తే అదే మాట పదిసార్లు!

ఇంగ్లీషులో 'నైఫ్' ముందు పలకని 'కె' ఉంటుంది, బట్టీ పట్టక తప్పదు. తెలుగులో చాలావరకు పలికినట్టే రాస్తాం. అందుకే పిల్ల రాతలో తప్పు చాలాసార్లు మన నోటినుంచే వస్తుంది. మనం 'బాష' అంటుంటే తను 'భాష' అని ఎలా రాస్తుంది? 'అర్థం' అంటే భావం, 'అర్ధం' అంటే సగం. బోర్డులమీద పెద్దవాళ్ళే 'విద్యార్ధి' అని రాయిస్తుంటే పిల్లనా తిట్టడం?

గుణింతాలు వచ్చాక ఏడాదిపాటు కథలు పైకి చదివించండి. ఒత్తులు స్పష్టంగా పలుకుతూ మీరూ చదవండి. ఏడేళ్ళు నిండాక రోజుకి ఐదు మాటలు రాయిస్తే చాలు. తప్పు రాస్తే ఎర్రగీత కొట్టకండి, మాటని మళ్ళీ పలికించి తననే దిద్దుకోనివ్వండి.

"ఫోనే సరిచేస్తుంది కదా" అంటారా? 'కల', 'కళ' రెండూ సరైన మాటలే. పిల్ల రాయాలనుకున్నది ఏదో ఫోనుకేం తెలుసు?