సంతకము దాటిన చదువు

మొన్నటి మహాసభలో హాజరు పుస్తకము మా చేతికి వచ్చినది. పూర్వము బొటనవ్రేలి గుర్తులుండిన చోట్ల నేడు వంకరటింకరగానైనను సంతకములు కనబడుచున్నవి. సంతోషమే. కాని యట్లు సంతకము చేసిన పెద్దమనుష్యుడొకరు జామీను కాగితమొకటి తెచ్చి, "అయ్యా, నేనిందులో దేనికి ఒప్పుకొన్నాను?" అని మమ్మడిగిరి. అప్పటికే సంతకము చేసియుండిరి.

వయోజన విద్య యనగా పేరు వ్రాయ నేర్పుటయే యని మనలో నొక యభిప్రాయము పాతుకొన్నది. 1978లో జాతీయ వయోజన విద్యా కార్యక్రమము, 1988లో సాక్షరతా మిషను, 2009లో సాక్షర భారతము వచ్చినవి. ఈ కడపటిది 2018లో ముగిసినది. అయినను 2011 జనాభా లెక్కలలో మన పాత ఆదిలాబాదు జిల్లాలో చదువ వ్రాయ వచ్చినవారు నూటికి 61 మందియే. నేర్చిన యక్షరమునకు పని చూపనియెడల రెండు పంటలు తిరుగకమునుపే యది మరపునకు వచ్చుట మేము కన్నులార చూచియున్నాము.

ఈ సంగతి చక్కగా నెరిగినవారు దుర్గాబాయి దేశముఖు గారు. చిన్ననాడే బడి విడిచిన ఆమె పెద్దయైన పిమ్మట ప్రైవేటుగా కాశీ మెట్రిక్ పరీక్షకు చదివి, క్రమముగా న్యాయవాది యైరి. 1937లో మద్రాసున ఆంధ్ర మహిళా సభను స్థాపించి, తమవలెనే చదువు నిలిచిపోయిన స్త్రీలను ఆ పరీక్షకు సిద్ధపరచిరి. 1958లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ద్వారా దేశమంతట వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమములు మొదలైనప్పుడు ఆ మండలి కధ్యక్షురాలు ఆమెయే. ఏండ్ల చదువును రెండేండ్లకు కుదించి, ఉపాధ్యాయినులు, నర్సులు, గ్రామసేవికలు కాదగిన యర్హతను చేకూర్చుట దాని యుద్దేశము. చదువు చివర నొక జీతము కనబడినందుననే పిల్లల తల్లులు సయితము పుస్తకము పట్టిరి.

మన బెల్లంపల్లిలో పూర్వమీ యవసరము తోచలేదు. కండబలమున్నవానికి బాయి పని దొరకెడిది. సింగరేణిలో 1990 ప్రాంతమున లక్షకు పైబడియుండిన కార్మికులు నేడు నలుబది వేల దరిదాపునకు దిగిరి. మన యూరి పాత గనులు మూతబడినవి. బాయిని నమ్మి బడి మానిన కుఱ్ఱవాండ్రు నేడు ముప్పదియైదేండ్లవారై మన పత్తి చేలలో కూలికి వచ్చుచున్నారు.

వీరికి పదవ తరగతి వలన నేమి లాభమని కొందరడుగుదురు. ఉన్నమాట చెప్పెదము: ఆ కాగితమొక్కటియే యుద్యోగమీయదు. సర్కారు కొలువులకు వయోపరిమితి యడ్డు వచ్చును. కాని యెరువులు, పురుగుమందులు అమ్మువారికై రాజేంద్రనగరులోని మేనేజి సంస్థ 2003లో ప్రారంభించిన దేశి యను ఏడాది డిప్లొమాకు పదవ తరగతియే ద్వారము. పురుగుమందు డబ్బా మీది యెఱుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ గుర్తులలో ఏది యెంత విషమో చెప్పగల యంగడివాడు ఊరికొక్కడున్నను మాకు సగము పని తగ్గును! మన సంఘపు గోదామునకు గుమాస్తా కావలసివచ్చినప్పుడు సభ్యుల యిండ్లలో పదవ తరగతి నెగ్గినవారు దొరకక పొరుగూరివానిని తెచ్చుకొంటిమి. ఆ జీతము పొరుగూరికే పోవుచున్నది.

ఓపెన్ స్కూలులో పదవ తరగతి వ్రాయుటకు పదునాలుగేండ్లు నిండినచాలును, పై వయస్సునకు హద్దులేదు. అన్ని విషయములు ఒక్కమారే నెగ్గవలెనను నిర్బంధమును లేదు. తప్పినదానిని మరల వ్రాసికొనవచ్చును. ఎద్దులకు, మోటార్లకు అప్పులిచ్చు మన సంఘము ఈ పరీక్ష రుసుమునకు నప్పు ఈయరాదా? పత్తి తీతలు ముగిసిన పిమ్మట సాయంకాలము గోదాము వసారాలో దీపము పెట్టించినచో, లెక్కలు, సామాన్య శాస్త్రము చెప్పుటకు మేము సిద్ధము. మేము చదివిన మిషను బడిలో మా బల్ల వెనుక మీసములు నెరసిన వడ్రంగి యొకడు కూర్చుండి చదివెడివాడు. మేము నవ్వెడివారము, అతడు మాకంటె ముందు భిన్నములు నేర్చెను.

రాబోవు సమావేశమున ఈ తీర్మానమును ప్రతిపాదింపగోరుచున్నాము. చదువగోరు సభ్యులు తమ పేరులను అంతకు ముందే గుమాస్తాకు తెలుపుడు.