మీటరు చస్తే మనకేం పోయింది?

మొన్నామధ్య లంచ్ టేబుల్ దగ్గర మాటల్లో మాటగా అడిగాను, "మీ బండి స్పీడోమీటర్ పనిచేస్తోందా?" అని. బళ్ళమీద ఆఫీసుకొచ్చేవాళ్ళం ఏడుగురం ఉన్నాం అక్కడ. ముగ్గురు నవ్వేశారు. ఒకాయన "కొన్న కొత్తలో పనిచేసేది బాస్" అన్నాడు. ఇంకొకాయనైతే "ముల్లు సున్నా మీదుంటే మా ఆవిడకి ధైర్యంగా ఉంటుంది" అని జోకేశాడు. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను, అప్పటికి నాలుగు నెలల క్రితం దాకా నాదీ అదే బాపతు కదా.

ప్రొడక్షన్‌లో ఒక గ్రాఫు అయిదు నిమిషాలు గీత గియ్యకపోతే అర్ధరాత్రి పదిమందిని నిద్రలేపి కాల్‌లోకి లాగే జాతి మనది. అదే మనిషి, పెళ్ళాన్ని వెనక, పిల్లాడిని ముందు కూచోబెట్టుకుని, ఎంత వేగంతో పోతున్నాడో తెలియకుండా ఉప్పల్ రింగురోడ్డు మీద దూసుకుపోతాడు. అదేవిటంటే "అంచనా ఉంటుంది లెండి" అంటాడు.

ఏ అంచనా అండీ? వరంగల్ హైవే మీద పావుగంట ఒకే వేగంతో వచ్చి నాచారం గల్లీలోకి తిరిగినప్పుడు 60 కూడా 40 లాగే అనిపిస్తుంది. అది మన తప్పు కాదు, బుర్ర అలవాటుపడే పద్ధతే అంత. కానీ గుద్దుకుంటే దెబ్బ అనిపించినదాన్ని బట్టి తగలదు, ఉన్నదాన్ని బట్టి తగులుతుంది. 40కీ 60కీ తేడా ఒకటిన్నర రెట్లే, కానీ బండిలో ఉండే శక్తి రెండుంపావు రెట్లు. 60లో ఒక్క సెకను పరధ్యానంగా ఉంటే దాదాపు 17 మీటర్లు గుడ్డిగా పోయినట్టే. బండికి స్పీడు చూపించే పరికరం ఉండితీరాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 117వ నిబంధన ఊరికే పెట్టలేదు.

సరే, నీతులు ఆపి నా భాగోతం చెప్తాను.

నాది పాతకాలం ముల్లు మీటరున్న బండి. ఇల్లు నాచారం, ఆఫీసు పోచారం వైపు. ఆ దారి సంగతి తెలిసిందేగా, 2018లో ఉప్పల్ - నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు మొదలయ్యాక ఏళ్ళ తరబడి గుంతలూ, దుమ్మూ, వానొస్తే బురదా. ఆ రోడ్డుని తట్టుకున్న ముల్లు ఒకరోజు వణకడం మొదలెట్టింది. 30కీ 50కీ మధ్య కొట్టుకునేది. పట్టించుకోలేదు. రెండు వారాలకి సున్నా దగ్గర పడుకుంది. కిలోమీటర్ల అంకెలూ ఆగిపోయాయి.

సర్వీసు సెంటరుకి తీసుకెళ్ళాను. కుర్రాడు ముందు చక్రం వైపు కన్నెత్తి చూడలేదు, బండికి స్టాండైనా వెయ్యలేదు. మీటరు అద్దం మీద వేలితో రెండుసార్లు కొట్టి "అసెంబ్లీ మార్చాలి సార్" అని ఎస్టిమేటు రాసేశాడు. రెండు వేల పైచిలుకు. ఏం చెడిందని అడిగితే "మీటర్ పోయింది సార్" అన్నాడు. ఎలా తెలిసిందని అడిగితే నన్నో వింతజంతువులా చూశాడు.

అక్కణ్ణుంచి రోడ్డుపక్క షాపుకి పోయాను. ఆయన నయం, "కేబుల్ తెగింది సార్, గింత దానికి మీటరెందుకు?" అని పావుగంటలో కొత్త కేబుల్ వేసిచ్చాడు. రెండొందల లోపే అయింది. వహ్వా అనుకున్నాను. మూడు వారాల్లో మళ్ళీ తెగింది.

అప్పుడు సిగ్గేసింది. రెండుచోట్లా తప్పు వాళ్ళదే అని తిట్టుకున్నాను గానీ, అసలు ప్రశ్న నేనెందుకు అడగలేదు? ఆఫీసులో ఏది పగిలినా మనం మొదట అడిగేది "ఆఖరుసారి ఏం మార్చారు?" అనేగా! ఆ ముక్క బండి దగ్గర గుర్తురాలేదు. గుర్తు తెచ్చుకుంటే వెంటనే దొరికింది. ముల్లు వణకడానికి వారం ముందు ముందుటైరుకి పంక్చరైంది. చక్రం విప్పి బిగించారు.

ఇక్కడ కాస్త యంత్రం సంగతి చెప్పాలి. ముందు చక్రం ఇరుసు దగ్గర చిన్న డబ్బా ఉంటుంది, అందులో వార్మ్ గేరు. చక్రంతో పాటు అది తిరిగి, ఒక ఉక్కు తీగని తిప్పుతుంది. ఆ తీగ నల్లటి తొడుగు లోపల తిరుగుతూ మీటరు దాకా వెళ్ళి అక్కడో అయస్కాంతాన్ని తిప్పుతుంది. దానికి ఆనకుండా ఓ అల్యూమినియం గిన్నె. అయస్కాంతం తిరిగేకొద్దీ గిన్నెలో ఎడ్డీ కరెంట్లు పుట్టి దాన్ని తమతో లాగుతాయి, సన్నటి స్ప్రింగు వెనక్కి లాగుతుంది, రెండూ సరిసమానమైన చోట ముల్లు నిలబడుతుంది. 1902లో ఒట్టో షుల్జ్ అనే జర్మన్ పేటెంటు తీసుకున్న సూత్రం ఇది. కిలోమీటర్ల అంకెల్ని మాత్రం అదే ఇరుసుకున్న పళ్ళచక్రాలు తిప్పుతాయి.

అంటే ఇన్‌పుట్ ఒకటి, అవుట్‌పుట్‌లు రెండు. అంకెలు తిరుగుతూ ముల్లు ఒక్కటే చస్తే జబ్బు మీటరు లోపల. రెండూ ఒకేసారి చస్తే ముందు అనుమానించాల్సింది కిందనుంచి వచ్చే దారిని. ఇది అర్థం కావడానికి మెకానిక్ అవ్వక్కర్లేదు, మన ఉద్యోగం మనం చెయ్యగలిగితే చాలు.

పరీక్ష కూడా పదినిమిషాల పనే. బండికి మెయిన్ స్టాండు వేసి ముందు చక్రం పైకి లేపాలి. మీటరు దగ్గర కేబుల్ మర విప్పి, చక్రాన్ని ముందుకి తిప్పి లోపలి తీగ తిరుగుతోందా చూడాలి. తిరిగితే తప్పు మీటరుది. తిరక్కపోతే కింద కూడా విప్పి తీగ బయటికి లాగాలి. తెగి ఉంటే సరే, చేతికి ముక్క వస్తుంది. తెగకపోతే దోషం గేరు డబ్బాలో. అయిపోలేదు, తెగిందని తెలిశాక *ఎందుకు* తెగిందో చూడాలి. మీటరు లోపలి ఇరుసు బిగుసుకుపోయిందా? పాత తీగ ముక్క దాంట్లో పెట్టి వేళ్ళతో తిప్పితే తెలిసిపోతుంది. గేరులో గ్రీజు ఎండిపోయి మట్టి చేరిందా? తొడుగు ఎక్కడైనా మెలిక పడిందా?

నా బండిలో మూడోది. పంక్చరు వేసినాయన చక్రం బిగించేటప్పుడు గేరు డబ్బా మీదున్న గాడిని ఫోర్కు మీది దిమ్మెకి సరిగ్గా కూర్చోబెట్టలేదు. డబ్బా పక్కకి తిరిగిపోయి, కేబుల్ మోచెయ్యి విరిచినట్టు వంగింది. అలా వంగినచోట తీగ రాసుకుని రాసుకుని తెగింది. కొత్తది కూడా అదే వంపులో తెగింది. కొత్త మీటరు వేసినా ముల్లు సున్నా దగ్గరే ఉండేది, రెండు వేలు మాత్రం పోయేవి. మర వదులు చేసి, డబ్బా సరిగ్గా తిప్పి కూర్చోబెట్టి, ఇంకో కేబుల్ కొని, పలచగా గ్రీజు రాసి వేశాను. పైన ఓ జానెడు మేర గ్రీజు రాయకూడదు, అది మీటర్లోకి ఎగబాకుతుంది. నాలుగు నెలలైంది, ముల్లు బుద్ధిగా ఉంది.

ఇప్పుడు కొందరు "మా బండి డిజిటల్, మాకీ గొడవ లేదు" అంటారని తెలుసు. కేబుల్ లేదంతే, గొడవ అలాగే ఉంది. తీగ బదులు సెన్సరూ, మూడు వైర్లూ ఉంటాయి. మీటరు మార్చేముందు సెన్సరు కొసన బురద ఉందా, కనెక్టర్లో తుప్పు పట్టిందా, వైరు ఎక్కడైనా ఒరుసుకుపోయిందా అని చూడకపోతే అదే కథ ఇంకా ఎక్కువ ఖరీదులో. తెరలోకి నీళ్ళు పోయి అక్షరాలు చెరిగిపోతే మాత్రం మార్చడమే న్యాయం. నేను మార్చొద్దనట్లేదు, కారణం చెప్పి మార్చమంటున్నాను.

"ఫోన్లో జీపీఎస్ చూసుకుంటాం" అనేవాళ్ళకి ఒక మాట. బండి నడుపుతూ ఫోను చూడ్డం ఎలాంటి మందో మీకే తెలియాలి. జీపీఎస్‌తో పోల్చడం మాత్రం మంచిదే, ఖాళీ రోడ్డు మీద వెనక కూచున్నవాళ్ళ చేత చూపించుకోండి. మీటరు 60 అంటే ఫోను 56 అంటే కంగారుపడి బాగుచేయించకండి, కాస్త ఎక్కువ చూపించేలాగే వాటిని తయారుచేస్తారు. తక్కువ చూపిస్తేనే కంగారుపడాలి.

ఇంకోటి. ఆగిపోయిన మీటరు అబద్ధం కూడా ఆడుతుంది. ఇంజనాయిలు ఎప్పుడు మార్చాలో తెలీదు, మైలేజీ తెలీదు. రెండేళ్ళు అంకెలు ఆగిన బండిని "ఇంతే తిరిగింది" అని అమ్మితే అది మోసం కాదా? అసెంబ్లీ మార్చినా అంతే, అంకెలు సున్నా నుంచి మొదలు. పాత రీడింగు సర్వీసు పుస్తకంలో రాయించమని మనలో ఎంతమంది అడుగుతాం?

హబ్సిగూడలో ఎన్జీఆర్ఐ వాళ్ళు భూమిని తవ్వకుండానే లోపలేముందో కొలుస్తారు. అక్కడికి కూతవేటు దూరంలో, లేతు మిషన్ల చప్పుడుతో పెరిగిన నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో, కళ్ళెదుట వేలాడుతున్న కేబుల్ వంపు ఎవరికీ కనపడదు. సర్వీసు కుర్రాణ్ణి అనడం తేలిక. వాడికి గంటకిన్ని బళ్ళని లెక్క, విప్పి చూసే టైమివ్వరు. ఎందుకని అడిగే కస్టమరు లేడు కాబట్టే ఆ లెక్క నడుస్తోంది. ఆ అడగని కస్టమర్లం మనమే, కారణాలు వెతకడానికే జీతం తీసుకునేవాళ్ళం.

ఈ ఆదివారం బండికి మెయిన్ స్టాండు వేసి చక్రం ఒకసారి తిప్పి చూడండి. ముల్లు వణుకుతుంటే అది వార్నింగు, తెగేదాకా ఆగకండి. ఎవరైనా "మీటర్ పోయింది సార్" అంటే డబ్బులు తియ్యకముందు ఒక్కటి అడగండి: "ఎలా తెలిసింది?"