మేడ వేసేముందు పునాది చూడండి

మన ఊళ్లలో ఏ వీధిలోకి వెళ్లినా డాబాల మీద పిల్లరు చువ్వలు కనిపిస్తాయి. పిల్లలు పెద్దయ్యాక, చేతిలో నాలుగు డబ్బులు ఆడాక ఇంకో అంతస్తు వేద్దామని వదిలేసినవి. కొందరు వాటికి సిమెంటు పాలు పూస్తారు. ఎక్కువమంది బట్టలారేసుకునే తాడు కట్టుకుంటారు. ఏళ్ల తరబడి వానకు తడిసి, గోటితో గీకితే తుప్పు పెచ్చులుగా ఊడివస్తుంది. నేను స్ట్రక్చరల్ ఇంజినీరుని. పాత ఇంటి మీద కొత్త అంతస్తు వేయవచ్చో లేదో చూసి చెప్పడం పాతికేళ్లుగా నా పని.

కిందటి ఏడాది వేసవిలో గుంటూరులో ఒక రిటైరైన మాస్టారు పిలిచారు. 1996లో కట్టిన ఇల్లు. ఇద్దరు కొడుకులకు చెరో పోర్షన్ ఉండాలని పైన రెండంతస్తులు వేద్దామనుకున్నారు. కాఫీ ఇచ్చి, "మూడంతస్తులకు సరిపడా పునాది వేశానని మేస్త్రీ అప్పుడే చెప్పాడమ్మా. నువ్వు చూసి ఒక సంతకం పెడితే చాలు" అన్నారు. దాదాపు ప్రతి ఇంట్లోనూ నేను వినే మాటే ఇది. ఆ మేస్త్రీ పోయి పదేళ్లయింది.

నైరుతి మూల పిల్లరు పక్కన గొయ్యి తీయాలన్నాను. మాస్టారి భార్య ఒప్పుకోలేదు. నైరుతిలో గొయ్యి ఇంటికి మంచిది కాదన్నారు. ఆ మూలనే నేల కుంగి గోడకు వాలుగా నెర్రె పడింది కాబట్టి అక్కడే చూడాలని ఆమెను తీసుకెళ్లి చూపించాను. పొద్దుగూకే లోపు పూడ్చేస్తానని మాటిచ్చాక సరేనన్నారు.

నాలుగడుగుల లోతుకు పిల్లరు కింది ఫుటింగు తగిలింది. అంతా నల్లరేగడి, గునపానికి బంకలా అంటుకుంటోంది. టేపు రెండో కొస మాస్టారే గోతిలోకి దిగి పట్టుకున్నారు. ప్లాను కాగితంలో ఫుటింగు అయిదడుగులకు అయిదడుగులు. గోతిలో ఉన్నది మూడున్నరకు మూడున్నర. ఆయన టేపు వదలకుండా రెండోసారి కొలవమన్నారు. కొలిచాం, అంతే వచ్చింది.

లెక్క ఆయనకు అక్కడే గోతి గట్టు మీద కూర్చుని చెప్పాను. వెయ్యి చదరపు అడుగుల స్లాబు, అయిదంగుళాల మందం అయితే, ఒట్టి కాంక్రీటే 29 టన్నులు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ పదడుగుల ఎత్తు లేపితే, పొడవు ఒక్కో అడుగుకు 400 కిలోలు. బీములు, ఫ్లోరింగు, మనుషులు, సామాను అన్నీ కలుపుకుంటే ఒక అంతస్తు వంద టన్నుల దరిదాపుకు వస్తుంది. పైన పెట్టే వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు మరో టన్ను. ఆ మూల పిల్లరు వాటాకు అంతస్తుకు 12 టన్నులు పడుతుంది. అక్కడి నేల చదరపు మీటరుకు 10 టన్నులకు మించి మోయలేదు. ఫుటింగు వైశాల్యం ఒక చదరపు మీటరు కంటే కొంచెమే ఎక్కువ. అంటే ఇప్పుడున్న ఒక్క అంతస్తుకే అది అంచున నిలబడి ఉంది.

తరువాత స్నానాలగది పక్క పిల్లరు కొద్దిగా చెక్కించి ఫినాల్ఫ్తలీన్ మందు చల్లాను. కాంక్రీటులో క్షారగుణం మిగిలి ఉంటే మందు పడిన చోట గులాబీ రంగు తేలుతుంది. ఆ గుణమే లోపలి ఇనుమును తుప్పు నుంచి కాపాడేది. ఇక్కడ పైనుంచి ఒకటిన్నర అంగుళాల లోతు దాకా బూడిద రంగే మిగిలింది. రంగు తేలింది ఆ లోపల. చువ్వలేమో ఆ ఒకటిన్నర అంగుళాల్లోనే ఉన్నాయి. బయటికి చూస్తే గోడకు నిరుడే వేయించిన క్రీము రంగు, చక్కగా ఉంది.

మేస్త్రీ మోసం చేశాడని నేననను. ఆ రోజుల్లో సిమెంటు, ఇసుక, కంకర ఒకటీ రెండూ నాలుగు పాళ్లలో కలిపే ఎం15 కాంక్రీటు చెల్లేది. 2000లో కాంక్రీటు పనులకు వర్తించే ఐఎస్ 456 కోడు మార్చాకే ఆర్‌సీసీకి కనీసం ఎం20 ఉండాలన్నారు. ఆయన కట్టింది ఒక అంతస్తు ఇల్లు, దానికి అది నిలబడింది. పైన ఇంకో రెండు మోపుతామన్నప్పుడు ప్రశ్న మారిపోతుంది.

నా కోపమంతా సంతకాల మీద. "స్టెబిలిటీ సర్టిఫికెట్ ఒకటి కావాలి మేడం, ఎంతవుతుంది?" అని ఫోనులోనే అడుగుతారు. ఇల్లు చూడాలంటే మళ్లీ ఫోను రాదు. ఎవరో ఒకరు ఇచ్చే ఉంటారు. కొత్తల్లో నేనూ ఒక ఇంటికి, చుట్టూ తిరిగి చూసి, గొయ్యి తీయించకుండా సంతకం పెట్టాను. ఆ ఇల్లు ఇప్పటికీ బాగానే ఉంది. అయినా ఆ వీధిలో వెళ్లినప్పుడల్లా ముందు దాని పిల్లర్ల వంకే చూస్తాను.

అన్నీ అలా నిలబడవు. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లోని సావర్‌లో రానా ప్లాజా అనే భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. అందులో పై అంతస్తులు అనుమతి లేకుండా వేసినవి. ముందు రోజే పగుళ్లు కనిపించాయి. కింద ఉన్న బ్యాంకు తన సిబ్బందిని రావద్దంది, పైన బట్టలు కుట్టే కార్మికులను మాత్రం పనిలోకి పిలిచారు. మన దగ్గర, 2024 డిసెంబరు 4న తెలంగాణలోని ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు పొద్దున్నే నాకు వరసగా ఫోన్లు వచ్చాయి. అందరూ పైన అంతస్తు వేసుకున్నవాళ్లే. నా లెక్క ఇప్పుడు కావాలని అడిగారు. వేయకముందు అడిగి ఉంటే ఎంత బాగుండేది!

తెలంగాణలో 2020లో భవన అనుమతుల టీఎస్-బీపాస్ చట్టం వచ్చాక చిన్న ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి దొరుకుతోంది. ఖాళీ స్థలంలో కొత్త ఇల్లు కట్టుకునేవాడికి అది మేలే, ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది. కానీ పాత ఇల్లు ఖాళీ స్థలం కాదు. అక్రమ అంతస్తులను పెనాల్టీ కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వచ్చాయి. పెనాల్టీ కట్టినంత మాత్రాన మూడున్నర అడుగుల ఫుటింగు అయిదడుగులు అవుతుందా? పాత ఇంటి మీద అంతస్తుకు అనుమతి అడిగితే కనీసం రెండు పిల్లర్ల దగ్గర గొయ్యి తీసి కొలిచిన ఫొటోలు, కాంక్రీటు పరీక్ష ఫలితాలు, సంతకం పెట్టిన ఇంజినీరు పేరు ఆ ఫైల్లో ఉండి తీరాలి. ఇవి లేని సర్టిఫికెట్‌ను రెండు ప్రభుత్వాలూ తీసుకోకూడదు. ఖర్చు ఎక్కువంటారు. నా అనుభవంలో చిన్న ఇంటికి ఇదంతా కలిపి, వేయబోయే అంతస్తు ఖర్చులో నూటికి రెండు వంతులు దాటలేదు. గృహప్రవేశం భోజనాలకే అంతకు మించి పెడతాం.

చూడడమంటే వద్దనడం కాదు. మాస్టారి ఇంటికి దారి ఉంది. ఫుటింగులు వెడల్పు చేసి, పిల్లర్లకు చుట్టూ కొత్త చువ్వలు కట్టి కాంక్రీటు పోసి, పైన తేలికపాటి ఏఏసీ ఇటుకలతో ఒక్క అంతస్తు వేయవచ్చు. రెండోది కుదరదు. చిన్నకొడుకు ఆ మాట విని కాసేపు మాట్లాడలేదు. తరువాత, "కింద పోర్షన్ నాకిచ్చి, నాన్నావాళ్లు అన్నయ్యతో పైన ఉంటే సరిపోతుందిగా" అన్నాడు. "మెట్లు ఎక్కేదెవర్రా" అన్నారు తల్లి. ఆ సంగతి వాళ్లింకా తేల్చుకోలేదు.

ఆ సాయంత్రం గొయ్యి పూడ్చేముందు ఫుటింగు కొలతలు, లోతు, నేల రకం ఒక కాగితం మీద గీసి ఇచ్చాను. ఆ ఇంటి పునాది గురించి నిజం రాసిన కాగితం అదొక్కటే.

"ఇదెక్కడ పెట్టమంటావమ్మా?"

"ఇంటి దస్తావేజుతో పాటు పెట్టండి మాస్టారూ."

ఆయన లోపలికెళ్లి బీరువా తెరిచారు. బయట ఆయన భార్య, పూడ్చిన మట్టి మీద పసుపు నీళ్లు చల్లుతున్నారు.