కందెన లేని స్మారకములు

పట్టాలు చూడవలెనన్న ఖమ్మమో బోనకల్లో పోక తప్పని మా వైరాలో, 45 మిల్లీమీటర్ల యెడముగల చిన్న పట్టాలపై, మా యింటి వసారాలో, ఆదివారపు సాయంకాలములందు ఒక నమూనా ఆవిరియంత్రము స్పిరిటు దీపపు మంటతో నీరు మరిగించుకొని పరుగిడుచుండును. అది తిరుగునది పావుగంట. దానికి నూనె పెట్టి, తుడిచి, సిద్ధపరచుటకు గంట పట్టును. చూడవచ్చు పిల్లలకు ఆ పావుగంటపై మక్కువ. నాకు మాత్రము ఆ గంటయే ప్రియము.

ఇరుసులకును కడ్డీల కీళ్ళకును కుట్టుమిషను నూనె చుక్క చాలును. సిలిండరు సంగతి వేరు. 40 పౌండ్ల ఒత్తిడిలో సుమారు 140 డిగ్రీల వేడిమి నందుకొన్న తడి ఆవిరి పలుచని నూనెను కడిగి పొగగొట్టముగుండ వెడలగొట్టును గావున, పాకమువలె చిక్కనైన సిలిండరు నూనెనే ఒక చిన్న గిన్నెలో నింపి మూత బిగింపవలయును. ఆ గిన్నెలోనికి సన్నని రంధ్రముగుండ చొరబడిన ఆవిరి చల్లబడి నీరగును. నూనెకంటె బరువైన ఆ నీరు అడుగునకు దిగుచు, తనయంత నూనెను పైకి నెట్టును. ఆ నూనె ఆవిరితో గూడి పిస్టనును చేరును. పంపు లేదు, మర లేదు! పరుగు ముగిసినపిదప అడుగునీటిని తీసివేయుట మరచినచో మరునాడు నూనెకు చోటుండదు. తొలి యేట నేనట్లే మరచి, గిన్నె నిండియే యున్నదని మురిసి, పిస్టనును గీతలపాలు చేసితిని. బాయిలరునకు బోరునీరు పనికిరాదు, సున్నపుపొర కట్టును. వడగట్టిన వాననీరు మేలు.

ఈ తంతునంతయు చూచిన మా వీథి వృద్ధరైతు ఒకడు, "సారూ, ఇది మన బండి కందెనే గదా!" అనెను. ఆముదమున వరిగడ్డి మసి కలిపి, గొట్టములో నింపి, బండిక్రింద వ్రేలాడగట్టుకొని ఊరు కదలిన తరమువాడతడు.

సికిందరాబాదు నుండి బెజవాడకు రైలుమార్గము పూర్తియైనదియు, ఇల్లందులో సింగరేణి బొగ్గు త్రవ్వకము మొదలైనదియు 1889లోనే. ఇట్టి సీమలో ఆవిరిబండి పరాయి వస్తువు కాదు. అయినను, 1995లో బ్రాడ్‌గేజిపై ఆవిరిబండ్లు నిలిచిపోయినపిదప స్టేషన్లముందర గద్దెలపై నిలిపిన యంత్రములకు మనము చేయుచున్న సేవ యేమి? రంగు పూయుట! నూనె పెట్టవలసిన కీళ్ళపైనను రంగే. 1855 నాటి ‘ఫెయిరీ క్వీన్’ అను ఆవిరియంత్రము 1909లో విశ్రమించి, పెరంబూరు కార్మికుల చేతి చలువవలన 1997లో మరల పట్టాలెక్కినది. కీలు కీలును విప్పి తుడిచి కందెన పెట్టగల చేతులు మిగిలియుండుటచేతనే గదా!

బాయిలరు పరీక్షలకును బొగ్గునకును అగు వ్యయము నెరుగుదును గావున, నిప్పు రాజేయుమని నే నడుగుట లేదు. రైల్వేవారూ, రంగునకు వెచ్చించు ధనములో కొంత నూనెకు మరలింపుడు. నెలకొకమారు సమీపపు ఐటీఐ విద్యార్థులను రప్పించి, కీళ్ళపై రంగును గీకించి, నూనె పట్టించి, చక్రమును జానెడైన కదపనిండు. ఐటీఐకొక నడిచెడు నమూనాయంత్రము గూడ ఇచ్చితిరేని, అడుగునీరు మరచు పొరపాటు వారు చిన్నదానిపైననే చేసికొందురు. మొదటి నెల పనికి నూనెడబ్బా, పాతగుడ్డలు నేనే తెచ్చుకొనెదను.