ముసలమ్మ పింఛను మీద ఇంత ఏడుపెందుకు?

2025 ఫిబ్రవరిలో, నిలువ నీడలేని పట్టణ పేదల కేసు వింటూ సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఒకరు ఉచితాల వల్ల జనం పనికి రావడం లేదన్నారు. పరాన్నజీవుల వర్గాన్ని తయారుచేస్తున్నామా అని కూడా అడిగారు. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పటి నుంచీ మన ఊళ్ల అరుగుల మీద నలుగుతున్న మాటే ఇది. ఇల్లులేని వాళ్ల గోడు వినాల్సిన చోటా అదే వినపడితే ఒళ్లు మండదా?

ఆహార భద్రత చట్టం కింద చాలా కార్డులకు మనిషికి నెలకు వచ్చేది 5 కిలోల తిండిగింజలు. రోజుకు 166 గ్రాములు. పొద్దస్తమానం నడుం వంచి నాట్లు వేసే మనిషికి అది ఏ మూలకు? కూలీలు దొరకడం లేదని వాపోయే ఆసామి, తానిచ్చే కూలికి దొరకడం లేదని మాత్రం చెప్పడు. ఇంట్లో నాలుగు గింజలుంటే ఆ కూలికి రానని చెప్పే ధైర్యం వస్తుంది. ఇలాంటి ఆసాములకు కంటగింపు ఆ ధైర్యమే. డబ్బు చేతికిస్తే పని మానేస్తారన్నదానికి ఆధారం లేదని ఆరు దేశాల పథకాలను చూసి ఆర్థికవేత్త అభిజిత్ బెనర్జీ బృందం 2017లోనే తేల్చింది. ఎవరు చదివారు?

2019లో కంపెనీల పన్ను తగ్గించి ఏడాదికి 1.45 లక్షల కోట్లు వదులుకుంటున్నామని కేంద్రమే ప్రకటించింది. ఆ కంపెనీలను సోమరులని ఎవరూ అనలేదు.

వృద్ధాప్య పింఛనులో 80 ఏళ్లు నిండని వాళ్లకు కేంద్రం ఇచ్చేది నెలకు 200 రూపాయలు. 2006 నుంచీ అంతే! ఆంధ్రలో 4,000 అందుతోందంటే మిగతాది రాష్ట్రం వేస్తున్నదే. అలాగని రాష్ట్ర పాలకులనూ మెచ్చుకోను. వృద్ధాప్యంలో, జబ్బులో ప్రభుత్వ సాయం పొందే హక్కుకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగం 41వ అధికరణం చెబుతుంటే, వీళ్లు గద్దెనెక్కిన ప్రతిసారీ పథకానికి తమ నాయకుడి పేరు తగిలిస్తారు. అవ్వ తన హక్కు తీసుకుంటూ ఆ నాయకుడికి దండం పెట్టాల్సి వస్తోంది. జీవితమంతా కలుపు తీసి అరిగిపోయిన వేళ్ల ముద్రలు యంత్రం మీద పడకపోతే, ఆ దండం కూడా పనిచేయదు.

పింఛను ధరలతో పాటు పెరగాలి. పింఛను కాగితం మీద నాయకుడి బొమ్మ తీసేయాలి. దరఖాస్తు తోసిపుచ్చితే కారణం తెలుగులో రాసిచ్చి, ఎవరికి అప్పీలు చేసుకోవాలో చెప్పాలి. కేంద్రం ముందు ఆ 200 సంగతి తేల్చాలి.