విస్మయం ఒక్కటే రసమగునా?

2024 జూన్ 27న విడుదలైన ‘కల్కి 2898 ఏడీ’ చిత్రాన్ని ఖమ్మంలో మా విద్యార్థులతో కలిసి చూచినాను. బయటికి వచ్చిన తరువాత వారిలో వాదం బయలుదేరినది. ‘ఇటువంటి చిత్రం తెలుగులో ఇంతవరకు రాలేదు’ అని కొందరు, ‘చూచినంతసేపు బాగానే ఉన్నది గాని మనసుకు పట్టినది లేదు’ అని కొందరు. ఆలోచించి చూడగా ఈ రెండు మాటలూ సత్యమే అనిపించినవి. ఒకే కృతి విషయంలో ఇది ఎట్లు సంభవించినదో విచారించవలసియున్నది.

ముందుగా మెచ్చుకోదగినదానిని మెచ్చుకొనడం న్యాయం. దర్శకుడు నాగ్ అశ్విన్, నిర్మాతలు వైజయంతీ మూవీస్ వారు తలపెట్టినది సామాన్యమైన పని కాదు. వ్యయం సుమారు 600 కోట్ల రూపాయలని పత్రికలు వ్రాసినవి. గంగ ఎండిపోయిన కాశీ, దానిపై తలక్రిందులుగా వ్రేలాడే ‘కాంప్లెక్స్’ అనే మహాసౌధం, శరణార్థులు తలదాచుకొనే శంబల – వీటిని కల్పించిన చిత్రకారుల భావనాశక్తికి నమస్కరించవలసినదే. ‘బుజ్జి’ అనే వాహనాన్ని తెరమీది బొమ్మగా వదలక, నిజంగా నడిచే ఆరు టన్నుల బండిగా నిర్మించినారు. 1991లో సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’లో కాలయంత్రాన్ని చూపిన నాటి నుండి వైజ్ఞానిక కల్పనలో మనవారు ఎంత దూరం వచ్చినారో దీనివలన తెలియుచున్నది.

ఐతే లోపమెక్కడ? అద్భుతరసమునకు స్థాయీభావం విస్మయమని మన లాక్షణికులు చెప్పినారు. స్థాయి ఉన్నంత మాత్రాన రసం సిద్ధించదు. ఆ వింత ఒక మనిషి హృదయాన్ని కదిలించి, అతని చేష్టలో వ్యక్తం కావలెను. 1957 నాటి ‘మాయాబజార్’లో ప్రియదర్శిని పేటికను జ్ఞప్తికి తెచ్చుకొనండి. తెరచినవారికి ప్రియమైనదానిని అది చూపుతుంది. శశిరేఖకు అభిమన్యుడు కనబడితే, బలరామునికి దుర్యోధనుడు కనబడినాడు. వింత పెట్టెదే గాని, అందులో బయటపడినది మనుష్యుల స్వభావం. ‘బుజ్జి’ మనలను నవ్విస్తుంది. దాని మూలమున భైరవుని గురించి మనకు క్రొత్తగా తెలిసినది స్వల్పం.

ఈ చిత్రంలో కథాబీజం లేదనుట అన్యాయం. బీజం మహత్తరమైనది. సౌప్తికపర్వంలో అశ్వత్థామ నిద్రలో ఉన్న ఉపపాండవులను వధించినాడు. పిమ్మట ఉత్తర గర్భంపై అస్త్రం విడిచినాడు. శ్రీకృష్ణుడు శపించినాడు. నాడు ఒక గర్భాన్ని చంపబోయినవాడే ఆరువేల ఏండ్ల తరువాత మరొక గర్భానికి కావలి కాయవలెననుట ఈ చిత్రం చేసిన కల్పన. ఇది మహాకవి యోగ్యమైన ఊహ. కాని ఆ సుదీర్ఘకాలంలో ఆ పాపి హృదయంలో ఏమి జరిగినది? పశ్చాత్తాపమా, క్రోధమా, విసుగా? అమితాబ్ బచ్చన్ ముఖంలో ఆ భారం క్షణకాలం తోచునంతలో యుద్ధం మొదలగుచున్నది. భైరవుడు కర్ణుని అంశ అని కడపట తెలియడమూ ఇట్టిదే. దానమునకు పేరువడినవాడు ధనమునకై ఎవరినైనను పట్టి ఇచ్చువాడుగా పుట్టెనన్న వైపరీత్యం గొప్పది. దానిని విప్పి చెప్పే తీరిక మూడు గంటల చిత్రానికి దొరకలేదు.

దీపికా పదుకొణె ధరించిన పాత్రకు మొదట పేరు లేదు. ‘సమ్-80’ అనే అంకె మాత్రమే. గర్భస్థ శిశువుల నుండి సారం తీసే ప్రయోగశాలలో ఆమె ఒక పాత్రిక వంటిది. తరువాత ‘సుమతి’ అయినది. కల్కి తల్లి పేరు సుమతి అని పురాణం. ఒక అంకె తల్లిగా, పేరు గల మనిషిగా మారడమే ఒక కావ్యవస్తువు. ఆ మార్పును ఆమె నోట మనం వినలేదు. అందరూ ఆమెను రక్షించుటకు పరుగెత్తుతారు. ఆమెకు ఏమి కావలెనో అడిగినవారు అరుదు.

మా విద్యార్థులలో కూనవరం వైపు నుండి వచ్చిన ఒక కోయ బాలుడు ఉన్నాడు. వాదమంతా విని చివరకు, “సార్, ఆ కాశీలో జనం నీళ్ళు ఎక్కడ తెచ్చుకుంటారు? ఏం తింటారు?” అని అడిగినాడు. నా విమర్శ అంతటికన్న ఆ ప్రశ్న పదునైనది. పైన కొద్దిమంది నీటిని, పచ్చదనాన్ని కూడబెట్టుకొనగా క్రింద వేలమంది ఎండిపోవుటే గదా చిత్రంలోని లోకస్థితి! ఆ బాలునికి ఇది 2898 నాటి ముచ్చట కాదు. పోలవరం ప్రాజెక్టు నిమిత్తం 2014లో నాటి ఖమ్మం జిల్లాలోని ఏడు మండలముల గ్రామములు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవి. భద్రాచలం పట్టణం తెలంగాణలో నిలిచినది, దాని చుట్టుప్రక్కల గ్రామములు పొరుగు రాష్ట్రానివి అయినవి. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినది. నీరు ఎవరికొరకు, ముంపు ఎవరికి అన్న మాట ఇక్కడ ఇంటింటా వినబడేదే. ఇట్టి ప్రేక్షకునికి తెరమీద కాశీ తన కథవలె కనబడవలసినది. అది పోరాటములకు రంగస్థలంగా మాత్రమే మిగిలినది.

కథ రెండవ భాగంలో కొనసాగునని మొదటి భాగం చివరనే సూచించినారు. ‘అప్పుడు అన్నీ తెలియును’ అని అభిమానులు సమాధానం చెప్పవచ్చును. కాని భారతంలో ఏ పర్వం చదివినా ఆ పర్వపు దుఃఖం ఆ పర్వంలోనే మనలను తాకుతుంది. తరువాతి పర్వానికి వాయిదా పడదు. నిర్మాతలకు ధనమున్నది, కళాకారులున్నారు, వ్యాసుని కథ ఉన్నది. ఇక కావలసినది ఆ కోయ బాలుని ప్రశ్నకు ఒక్క సమాధానం. ఒక్క కాశీవాసి ఒక్క కడవ నీటికై పడిన పాటు చూపగలిగిననాడు, ఆ తలక్రిందుల సౌధం మనలను ఆశ్చర్యపరచుటయే గాక భయపెట్టును, కోపమును తెప్పించును. ఆనాడు విస్మయం రసమగును.