ఆరడుగుల దూరం

మిరప కోతలు మొదలైతే చాలు, మా గుంటూరు నుంచి ఏటా ఒకే ఫొటో వేర్వేరు పేర్లతో బయటికొస్తుంది. ఈ వారం కూడా వచ్చింది. డ్రోన్‌తో పైనుంచి తీసిన కల్లం. నేలంతా ఎరుపు, ఆ ఎరుపులో అక్కడక్కడ నాలుగైదు రంగు చుక్కలు. ఆ చుక్కలు మనుషులు. కొంగు తలకు చుట్టుకుని, నడుం వంచి తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లు. కింద ‘ఎర్రబంగారం’ అని రాశారు. చూసినవాళ్లంతా ఆహా అన్నారు. నాకు మాత్రం కోపం వచ్చింది, ఆ కోపం ఇంకా తగ్గలేదు.

తీసిన కుర్రాడి పనితనాన్ని నేను తప్పుపట్టడం లేదు. ఎండ ఏటవాలుగా పడే వేళ చూసుకుని ఎగరేశాడు, కుదురుగా తీశాడు. నాకు నచ్చనిది ఆ దూరం. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర కూలిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. ఆ నెలలో పైనుంచి చూసినా కల్లాలు ఇంతే ఎర్రగా, ఇంతే అందంగా ఉన్నాయి. అంతకుముందు 2021-22లో నల్ల తామరపురుగు పూతలో చేరి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిరప తోటల్ని దెబ్బతీసింది. ఆ పురుగు పొడవు మిల్లీమీటరుకు అటూ ఇటూ. రైతు పువ్వు తెంపి అరచేతిలో దులిపి చూపిస్తే తప్ప కంటికి ఆనదు. ఆ ఏడాది మన చేతుల్లో ఉండాల్సింది పువ్వు లోపలికి చూడగలిగే మాక్రో లెన్సు. మనలో ఎక్కువమంది దగ్గర అది లేనేలేదు. పెళ్లిళ్లలో ఉంగరాలు తీయడానికి కొన్న కొద్దిమంది దాన్ని పొలం దాకా తీసుకుపోలేదు.

‘ఏ లెన్సు కొనమంటారు?’ అని కుర్రాళ్లు నన్ను అడుగుతూనే ఉంటారు. లెన్సు మీద రాసిన అంకెల గురించి వాళ్లకు నాకంటే ఎక్కువే తెలుసు. ఆ అంకె తమను ఎక్కడ నిలబెడుతుందన్నది మాత్రం ఆలోచించరు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు 35 ఎంఎం లెన్సు పెట్టి, కల్లంలో కూర్చున్న మనిషికి రెండు మీటర్ల దూరంలో నిలబడండి. ఫ్రేములోకి అడ్డంగా సుమారు రెండు మీటర్ల మేర వస్తుంది. ఆమె, ఆమె ముందున్న కాయల కుప్ప, పక్కన నీళ్ల సీసా, వెనక పరదా అంచు, అన్నీ పడతాయి. అదే మేర 200 ఎంఎంలో పట్టాలంటే సుమారు పదకొండు మీటర్ల దూరానికి వెనక్కి జరగాలి. అంటే ముప్పయ్యారు అడుగులు. ఆరడుగుల దూరంలో నిలబడితే ‘ఏ ఊరమ్మా మీది?’ అని అడక్కుండా ఉండలేం. మనం అడక్కపోతే ‘ఎందుకయ్యా ఫొటో?’ అని వాళ్లే అడుగుతారు. ముప్పయ్యారు అడుగుల అవతలున్న వాడికి ఆ బాధ లేదు. ఆమెకు తన ఫొటో పోయిన సంగతే తెలియదు.

డ్రోన్‌లో ఉండేదీ సాధారణంగా 24 ఎంఎంకు సమానమైన వెడల్పు లెన్సే కదా అని ఒకాయన నాతో వాదించారు. నిజమే. వంద అడుగుల ఎత్తున ఉన్న వెడల్పు లెన్సులో మనిషి ఇంకా చిన్నదవుతుంది. అంకె ఎంతైనా కాళ్లు ఎక్కడున్నాయన్నదే లెక్క.

దగ్గరికి వెళితే కూలీలు కెమెరాను చూసి సర్దుకుంటారని, సహజత్వం పోతుందని ఇంకో మాట. మొదటి పది నిమిషాలు అది నిజం. ఆ తర్వాత మనకోసం ఫోజులిస్తూ కూర్చోడానికి వాళ్లకు తీరికుండదు. తొడిమలు తీసే ఆడవాళ్లకు కూలి కిలో లెక్కన. చేయి ఆగితే డబ్బు ఆగుతుంది. కాసేపు మాట్లాడి పక్కన కూర్చుంటే మనల్ని మరిచిపోయి పనిలో పడతారు. ఆ కాసేపు కూర్చునే ఓపిక లేక లక్షన్నర దాటిన జూమ్ లెన్సు కొంటున్నాం. హెన్రీ కార్టియే బ్రెసాన్ తన పనిలో సింహభాగం 50 ఎంఎంతోనే చేశాడు. 1948 జనవరి 30 రాత్రి బిర్లా హౌస్ గేటు దగ్గర నెహ్రూ గాంధీ మరణవార్త చెబుతున్నప్పుడు ఆయన ఆ జనంలోనే నిలబడి ఉన్నాడు.

మన నేల మీద పెద్ద జూమ్‌కు ఇంకో చిక్కుంది. దీన్ని షాపులో ఎవరూ చెప్పరు. మార్చి వచ్చేసరికి పొద్దున పది దాటితే రేగడి నేల మీద వేడిగాలి అలలు అలలుగా లేస్తుంది. దూరం నుంచి 200 ఎంఎంతో తీస్తే ఆ గాలంతా మన ఫ్రేములో ఉంటుంది. ముఖం కాస్త కరిగినట్టు వస్తుంది, అంచులు తేలిపోతాయి. ఫోకస్ తప్పిందేమోనని కుర్రాళ్లు లెన్సును సర్వీసింగుకు పంపుతుంటారు. లెన్సులో ఏ లోపమూ లేదు. ఎంత ఖరీదైన గాజైనా మధ్యలో ఉన్న గాలిని శుభ్రం చేయలేదు. దగ్గరికి వెళ్లడమే మందు.

దుమ్ము సంగతి సరేసరి. గుంటూరు యార్డులో కాలు పెట్టినవాడికి ముందు తుమ్ములు, ఆ తర్వాతే చూపు. జూమ్ తిప్పినప్పుడల్లా గొట్టం ముందుకీ వెనక్కీ జరిగే లెన్సులైతే ఆ కదలికలో బయటి గాలిని లోపలికి లాగుతాయి, గాలితో పాటు మిరప దుమ్మునూ లాగుతాయి. పొడవు మారని పెద్ద 70-200లు ఈ విషయంలో మేలే, ఒప్పుకుంటాను. కానీ కిలోన్నర బరువుతో టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య సందుల్లో తిరగడం, హమాలీ బస్తా ఎత్తుకుని వస్తుంటే పక్కకు ఒదగడం ఎంత కష్టమో తిరిగినవాడికి తెలుసు. నూట అరవై గ్రాముల కెనాన్ 50 ఎంఎం ఎఫ్ 1.8 చేతిలో ఉందన్న సంగతే గుర్తుండదు. జిన్నింగ్ మిల్లుల్లో ఇంకో బెడద ఉంది. లెన్సు విప్పిన క్షణంలో దూది పీచు సెన్సారు మీద వాలుతుంది. అందుకే నేను మిల్లు బయటే ఒక లెన్సు బిగించుకుని లోపలికి వెళ్తాను, బయటికొచ్చేదాకా దాన్ని విప్పను. ముందు గాజు మీద పడ్డ మిరప దుమ్మును చొక్కా అంచుతో తుడవకండి. అందులో మట్టి రేణువులుంటాయి, గీతలు పడతాయి. ముందు బ్లోయర్‌తో ఊదాలి, గుడ్డ ఆ తర్వాతే.

మిరప ఎరుపు డిజిటల్ కెమెరాకు గడ్డు రంగు. ఆరిన కాయ తోలు ఎండలో మెరుస్తుంది. ఆ మెరుపుకు రెడ్ ఛానెల్ నిండిపోయి, కాయ మీది ముడతలన్నీ పోయి, ముద్ద ఎరుపు మిగులుతుంది. మామూలు హిస్టోగ్రామ్ చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. మూడు రంగుల హిస్టోగ్రామ్ విడివిడిగా చూసుకుని, ఒక స్టాపులో మూడింట రెండు వంతులు ఎక్స్‌పోజర్ తగ్గించాలి. పోలరైజర్ ఉంటే దాన్ని తిప్పి ఆ మెరుపు చంపాలి. ఇదంతా ఫొటో అందం కోసం చెప్పడం లేదు. తేజ కాయ సన్నగా, చిన్నగా ఉంటుంది. బ్యాడిగి పొడవుగా, ముడతలు పడి ఉంటుంది. రైతు తోలు చూసి రకం చెప్తాడు, వ్యాపారి తోలు చూసి ధర కడతాడు. మీరు తీసిన ఫొటో రైతుకు చూపించండి. అది ఏ రకమో ఆయన చెప్పలేకపోతే ఆ ఫొటోలో మిరపకాయ లేనట్టే. మొన్నటి డ్రోన్ ఫొటోలో లేదు.

వెనకంతా మసకబార్చే మోజు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది కల్లం నుంచి పెళ్లిపందిరి దాకా పాకింది. 85 ఎంఎం లెన్సు, అపర్చర్ పూర్తిగా తెరిచి, ముఖం ఒక్కటే స్పష్టంగా, వెనక ఎర్రటి పొగ. ఆ పొగలో ఏ ఊరి కల్లం ఉందో, ఎవరి కుప్పలున్నాయో, చెట్టు కింద ఎవరు కూర్చున్నారో అంతా పోయింది. ఇప్పుడు ఫోన్లు ఆ పని సాఫ్ట్‌వేర్‌తో చేసేస్తున్నాయి. మీ ఇంట్లో పాత పెళ్లి ఆల్బమ్ ఉంటే తీసి చూడండి. ఫ్లాషు కొట్టి, అపర్చర్ బాగా మూసి తీసిన ఫొటోలు. తలంబ్రాల వెనక వరసగా బంధువులు, వాళ్ల వెనక వంటవాళ్లు, అరటి బోదెలు, ఇంటి గోడ. ఇప్పుడు లేని తాతగారు అక్కడే ఏదో మూల నిలబడి ఉంటారు. ఆయన్ని వెతుక్కోడానికే ఆ ఆల్బమ్ తెరుస్తాం. ఈనాటి ఆల్బముల్లో ఆ మూల మసక. ఇరవై ఏళ్ల తర్వాత ఈ పెళ్లికూతుళ్లకు తమ పందిట్లో ఎవరెవరున్నారో చూపించే ఫొటో ఉండదు. దీనికి బాధ్యులం మేమే, ఫొటోగ్రాఫర్లం. ‘బ్లర్ బాగా రావాలండీ’ అని అడిగే మర్యాద మేమే నేర్పాం.

నరసరావుపేటలో, చిలకలూరిపేటలో, అద్దంకిలో కుర్రాళ్లు ఈ లెన్సుల్ని వాయిదాల మీద కొంటున్నారు. పెళ్లివారు ‘పెద్ద లెన్సు ఉందా?’ అని అడుగుతారన్న భయంతో కొంటున్నారు. డబ్బు తక్కువున్నవాళ్లు అందరూ చెప్పారని 50 కొంటారు. వాళ్ల చేతిలో ఉన్నది క్రాప్ బాడీ. దాని మీద 50 కాస్తా 75, 80లా పనిచేస్తుంది. అది స్టూడియోలో ముఖాలు తీసే దూరం. క్రాప్ బాడీ ఉన్నవాళ్లు 24 కొనండి. మీకు అదే నేను చెప్పే 35. పెద్ద జూమ్ కావలసిన రోజు అద్దెకు తెచ్చుకోండి.

ఆరడుగుల దూరం నుంచి తీస్తే ఫ్రేములోకి రావాల్సినవే కాక రాకూడనివీ వస్తాయి. కోతల కాలంలో కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు, పల్నాడు చేలకు కూలికి వస్తాయి. చేను గట్టు మీద చంటిపిల్లను ఆడిస్తూ ఓ ఎనిమిదేళ్ల పిల్ల కూర్చుని ఉంటుంది. డ్రోన్‌కు ఆ పిల్ల కనపడదు. 200 ఎంఎం ఆ పిల్లను ఫ్రేము బయటికి నెట్టేస్తుంది. 35లో తప్పించుకోలేం, వచ్చి తీరుతుంది. ఆ పిల్ల బడిలో ఉండాల్సిన రోజులవి. వలసపోయేవాళ్ల పిల్లల్ని ఊళ్లోనే చదివించడానికి సీజనల్ హాస్టళ్లనే ఏర్పాటు ఉంది. కుటుంబం బయల్దేరక ముందే తలుపులు తెరిస్తేనే అది పనికొస్తుంది. తల్లిదండ్రులు బస్సో ట్రాక్టరో ఎక్కాక తెరిస్తే పిల్ల చేను గట్టునే ఉంటుంది. ఈ సంగతి మీద ఏ ఏడూ మొదటి పేజీ ఫొటో రాలేదు. ఎర్ర కల్లం మాత్రం ఏటా వస్తుంది.

పేర్ల విషయంలోనూ నాకు పాత బాధే. ‘మిర్చి కోతల్లో కూలీలు’, ‘కల్లంలో మహిళలు’. ఇదీ మన పత్రికల్లో ఫొటో కింద రాసే తీరు. 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, బఠానీ కోత కూలీల మకాంలో డొరొతియా లాంగ్ ఒక తల్లిని ఫొటో తీసింది. ఫ్రేము ఫ్రేముకూ దగ్గరికి జరుగుతూ తీసింది. ఆఖరిది ‘మైగ్రెంట్ మదర్’ పేరుతో ప్రపంచమంతా తిరిగింది. అంత దగ్గరికి వెళ్లినామె కూడా పేరు అడగలేదు. ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అన్న ఆ పేరు 1978లో గానీ లోకానికి తెలియలేదు. నలభై రెండేళ్లు ఆమె ముఖం అందరిదీ అయింది, పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. మన దగ్గర పి. సాయినాథ్ పల్లె ఆడవాళ్ల పని మీద తీసిన ఫొటోల్ని ఊరూరా ప్రదర్శించారు. 2014లో మొదలైన ఆయన ‘పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా’లో మామూలు కూలీ పేరూ ఊరూ రాయడం మొదటి నుంచీ ఉన్న పద్ధతి. అక్కడ కుదిరింది మన దినపత్రికల్లో ఎందుకు కుదరదు? ఆమె ఒప్పుకుంటే పేరు రాయండి, ఊరు రాయండి. ఆ రోజు కూలి ఎంతో, కల్లంలో ఉన్నది ఏ రకమో, ఆ వారం యార్డు ధరెంతో రాయండి. ఒక్క వాక్యంలో పట్టే సంగతులే.

ఇంకొక్కటి. పాత రోజుల్లో ఫొటో తీయించుకున్నవాళ్లకు ప్రింటు చేతికొచ్చేది. ఇప్పుడు కూలీల ఫొటోలు వేల కొద్దీ తీస్తున్నాం, పోటీలకు పంపుతున్నాం, బహుమతులు తెచ్చుకుంటున్నాం. ఆ ఫొటోలో ఉన్నామెకు ఒక్క ప్రింటూ అందడం లేదు. చిన్న సైజు ప్రింటుకు పదో పదిహేనో రూపాయలు. తీసిన వారంలోనే వేయించి తీసుకెళ్లాలి, ఎందుకంటే ఒక చేను అయిపోగానే మేస్త్రి ముఠాను ఇంకో ఊరికి తీసుకుపోతాడు. మేస్త్రి ఫోన్ నంబరు రాసుకోండి. ఎక్కడున్నారో ఆయనే చెప్తాడు.